మెల్‌బోర్న్ వెళ్తున్నారా? సబర్బ్ నేను చెప్తా

నేను మెల్‌బోర్న్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఇప్పటికి ఐదు సబర్బులు మారాను. మా అమ్మాయి నాలుగు స్కూళ్ళు చూసింది, మావాడు మూడు. ఏ ఇంటి కిటికీ కొలత ఆ ఇంటిదే కాబట్టి గరాజులో పదకొండు జతల కర్టెన్లు పడున్నాయి. ఇంత అనుభవమున్న మనిషి మీ చుట్టాల్లో ఇంకొకడుంటే చూపించండి. కూకట్‌పల్లి నుంచి కాకినాడ దాకా ఎవరికి వీసా వచ్చినా ముందు నాకే ఫోను. "అన్నా, స్కూలుకెళ్ళే పిల్లలున్నారు, ఎక్కడ దిగమంటావు?" అంటారు. ప్రతివాడికీ గంటన్నర చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను. ఉన్నదున్నట్టు పాటించండి. మధ్యలో మీ సొంత తెలివి కలిపితే మాత్రం నన్ననకండి.

1. టికెట్టు డిసెంబరు 20 దాటాకే కొనండి.

ఇక్కడ చదువుల ఏడాది జనవరి ఆఖర్లో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. క్రిస్మస్‌కు ముందు స్కూళ్ళకు తాళం పడిందంటే మళ్ళీ తీసేది జనవరి చివర్లోనే. ఆఫీసులో ఫోనెత్తే మనిషి ఉండడు. అద్దె ఇళ్ళ ఏజెంట్లు కూడా చాలామంది సముద్రపొడ్డున ఉంటారు. మీకు కావలసింది అదే. అడగడానికి మనిషే లేకపోతే, అడగలేదన్న నింద మీ మీదికి రాదు. పైగా ఆ రోజుల్లో విమానం టికెట్లు మండిపోతుంటాయి. ఎంతకు కొన్నారో పెళ్ళిళ్ళలో చెప్పుకోవచ్చు.

2. పిల్లల్ని అడగకండి.

సబర్బ్ వెతికేది పిల్లల కోసమే కదా. కాబట్టి ఆ మాట వాళ్ళకు తప్ప అందరికీ చెప్పండి. పన్నెండేళ్ళ పిల్ల "నాన్నా, అక్కడ దగ్గర్లో బాడ్మింటన్ కోర్టు ఉందా?" అంటే "ముందు సూట్‌కేసు సర్దు" అనండి. అంతటితో చర్చ ముగిసినట్టే.

3. ఇల్లు హైదరాబాదులో సోఫా మీద పడుకునే ఖాయం చేయండి.

ఇక్కడ అద్దె ఇల్లు చూపించే పద్ధతి అన్యాయంగా ఉంటుంది. చాలావరకు శనివారం పూట, పదిహేను నిమిషాలు తలుపు తీస్తారు. పాతికమంది వరసగా వచ్చి బాత్రూము కుళాయిలు తిప్పి చూస్తారు. ఆ గుంపులో నిలబడే ఖర్మ మీకెందుకు? ఫొటోలు చాలు. ఫొటోలో హాలు గోల్కొండ దర్బారులా కనిపిస్తుంది. అది లెన్సు మహిమని ఎవరైనా అంటే వాళ్ళకు కళ్ళు కుట్టాయని అర్థం.

"ఓనరు విదేశంలో ఉన్నారు, తాళంచెవి కొరియర్లో పంపిస్తాం, ముందు బాండ్ సొమ్ము వేయండి" అని ఎవరైనా మెయిలు పెడితే వెంటనే వేసేయండి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో బాండ్ డబ్బు, అంటే ఇంటి డిపాజిట్టు, ఓనరు జేబులో ఉండకూడదు, రెసిడెన్షియల్ టెనెన్సీస్ బాండ్ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర జమ కావాలి. ఆ రసీదు ఏదని అడగడం మనింటా వంటా లేదు. తీరా దిగాక ఆ నంబరు దగ్గర ఇల్లు కాకుండా పార్కు కనిపిస్తే సంతోషించండి. పిల్లలకు ఆడుకునే చోటు ఇంటికి ఇంత దగ్గర ఇంకెవరికి దొరికింది?

అన్నట్టు, ఇక్కడ అద్దె వారానికి ఇంతని చెప్తారు. ఊళ్ళో బావమరిది అడిగినప్పుడు ఆ వారం అంకే నెల అద్దెగా చెప్పండి. "550 డాలర్లేనా బావా!" అని అతనూ బయల్దేరతాడు. దిగాక అతని మొహం చూడాలి, విమానాశ్రయానికి పెట్టిన పెట్రోలు గిట్టుబాటవుతుంది.

4. సబర్బ్ పేరు చూడండి, జోన్ చూడకండి.

విక్టోరియాలో ప్రభుత్వ స్కూళ్ళకు జోన్లుంటాయి. మీరు పక్కాగా ఉండే ఇల్లు ఏ స్కూలు జోన్లో పడితే అక్కడ పిల్లలకు సీటు ఖాయం. గ్లెన్ వేవర్లీ, బాల్విన్, మెకినన్ సెకండరీ స్కూళ్ళ జోన్లో ఇల్లంటే ఆ సంగతి ప్రకటనలోనే గొప్పగా వేస్తారు, దానికి తగ్గట్టే అద్దె గుంజుతారు. మన ఎత్తు ఏమిటంటే, అద్దె అంతా కట్టాలి, జోన్ మాత్రం తప్పిపోవాలి.

కష్టమనుకుంటారేమో, చాలా తేలిక. జోన్ గీత వేరు, సబర్బ్ గీత వేరు. గ్లెన్ వేవర్లీ అన్న పేరు మీదే ఇల్లు తీసుకుని, పేరున్న ఆ స్కూలు జోన్ బయట పడొచ్చు. ఆ సబర్బులోనే బ్రెంట్‌వుడ్, హైవేల్ అని ఇంకో రెండు సెకండరీ స్కూళ్ళున్నాయి, వాటి జోన్లు వాటికున్నాయి. ప్రభుత్వం ఫైండ్ మై స్కూల్ అని ఒక వెబ్‌సైటు పెట్టింది. అందులో ఇంటి అడ్రసు కొడితే ఏ స్కూలు మనదో నిమిషంలో చెప్పేస్తుంది. దాని జోలికి పోకండి. అంత తేలిగ్గా తెలిసిపోతే ఇక ఉత్కంఠ ఏముంటుంది? సంవత్సరం అగ్రిమెంటు మీద సంతకం పెట్టి, పాలు పొంగించి, నలుగురికీ భోజనాలు పెట్టి, అప్పుడు స్కూలుకి వెళ్ళండి. కౌంటర్లో ఆవిడ ఎంతో మర్యాదగా "మీ ఇల్లు రోడ్డుకి అటువైపు ఉండుంటే బాగుండేది" అంటుంది. రోడ్డుకి అటువైపు చూడండి. సరిగ్గా మన ఇల్లులాంటిదే ఉంటుంది. దానికి వారానికి పది డాలర్లు తక్కువ కూడానూ.

5. స్నేహితుడి అడ్రసు వాడుకోండి.

నాలుగో చిట్కా పాటించినవాళ్ళకు ఇది తప్పనిసరి. జోన్ లోపల ఉన్న ఏ కర్నూలు స్నేహితుణ్ణో పట్టుకోండి. "అన్నా, ఒక్క కరెంటు బిల్లు నా పేరు మీదికి మార్చవూ" అనండి. ఆయన సరేనంటాడు. వంటింట్లోంచి వదినగారి గిన్నెల చప్పుడు పెద్దదవుతుంది. అది పట్టించుకోకండి. ఆ ఇంటికి మీ రాకపోకలు అదే ఆఖరు కాబట్టి ఆ పూట కడుపునిండా తినిరండి.

స్కూలువాళ్ళు అద్దె అగ్రిమెంటూ బిల్లులూ అడగొచ్చు. అనుమానమొస్తే స్టాట్యుటరీ డిక్లరేషన్ కూడా అడగొచ్చు. తెలిసి అబద్ధం రాస్తే నేరమని ఆ కాయితం మీదే అచ్చేసి ఉంటుంది. అచ్చేసినవన్నీ చదువుతూ కూర్చుంటే పనులవుతాయా?

ఇక పిల్లవాడికి దొంగ అడ్రసు ఎక్కంలా బట్టీ పట్టించండి. కారులో వెళ్తూ అడగండి, నిద్రలో లేపి అడగండి. మావాడు రెండో క్లాసులో ఉండగా నెలరోజులు పట్టించాను. ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ గడగడా చెప్పేవాడు. ఒకరోజు క్లాసులో "మీ ఇంటి బొమ్మ వేయండి" అన్నారట. మావాడు రెండు ఇళ్ళు వేశాడు. ఒకదాని కింద "మేము ఉండేది" అని, రెండోదాని కింద "స్కూలుకి చెప్పేది" అని రాశాడు. రంగులు చాలా బాగా వేశాడని టీచరు నాకు ప్రత్యేకంగా ఫోన్ చేసి చెప్పింది. ప్రిన్సిపాలు కూడా చూడాలన్నారట.

6. సెలెక్టివ్ స్కూలు గోడ పక్కనే ఇల్లు కొనేయండి.

అద్దెలో ఎన్నాళ్ళని? కొనాలి. ఎక్కడంటే, పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే సెలెక్టివ్ స్కూలు గేటుకి ఎదురుగా. మెల్‌బోర్న్‌లో ప్రభుత్వానివి ఇలాంటివి నాలుగున్నాయి. మగపిల్లలకు మెల్‌బోర్న్ హై, ఆడపిల్లలకు మాక్‌రాబర్ట్‌సన్, ఇద్దరికీ బెర్విక్‌లో నాసల్ హై, వెర్రిబీలో సుజాన్ కోరీ హై. మనవాళ్ళు పడమటి వైపు ఎక్కువ కాబట్టి వెర్రిబీ అందరికీ అనుకూలం. 2011లో తెరిచారు, కొత్త బిల్డింగులు, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి.

వీటికి జోన్ లేదు. రాష్ట్రంలో ఏ మూల పిల్లలైనా ఎనిమిదో క్లాసులో పరీక్ష రాసి తొమ్మిదిలో చేరొచ్చు. గేటుకి పదడుగుల దూరంలో ఉన్నా, పదూళ్ళ అవతల ఉన్నా మార్కులవే. అయితే గోడ పక్కన ఉండటంలో సుఖమేమీ లేదా అంటే, ఉంది. మీ అబ్బాయి వేరే స్కూలుకి వెళ్ళే బస్సు కోసం సరిగ్గా ఆ గేటు ముందే నిలబడతాడు. సీటొచ్చిన పిల్లలందర్నీ రోజూ పొద్దున చూస్తాడు. ఇంతకన్నా ప్రోత్సాహం ఏ కోచింగ్ సెంటరు ఇస్తుంది?

మరొక కిటుకు. ఒకే స్కూలు ఎనిమిదో క్లాసులోంచి సెలెక్టివ్ స్కూళ్ళు మామూలుగా ఐదు శాతానికి మించి పిల్లల్ని తీసుకోవు. కాబట్టి పరీక్షకు తయారయ్యే పిల్లలంతా ఏ స్కూల్లో గుమిగూడారో ఆరా తీసి, మీవాణ్ణి కూడా అందులోనే పడేయండి. ఆ ఐదు శాతంలో చోటు కోసం సాయంత్రం మీ ఇంట్లో బజ్జీలు తినే అతని స్నేహితులతోనే పోటీ. అటు తల్లులు కూడా ఒకరికొకరు కోచింగ్ సెంటరు పేరు దాచుకుంటూ భలే కాలక్షేపం చేస్తారు. "మావాడు ఏం చదవట్లేదు వదినా, ఎప్పుడూ ఆటలే" అన్నమాట ఆ వీధిలో వారానికి నలభైసార్లు వినిపిస్తుంది.

పరీక్ష సంగతి మొత్తానికే వద్దనుకుంటే పిల్లవాడు తొమ్మిదిలోకి వచ్చాక ఇండియా నుంచి బయల్దేరండి. తర్వాతి క్లాసుల్లో దొరికితే దొరికే సీట్లు కొద్దే. "కొంచెం ముందొస్తే సీటు గ్యారంటీ అండీ" అని జీవితాంతం చెప్పుకోవచ్చు. ఎవరూ కాదనలేరు.

7. స్కూలు ఉన్నచోట కాదు, రాబోయేచోట కొనండి.

టార్నీట్, ట్రుగనీనా, విండమ్ వేల్ వైపు వెళ్ళండి. కొత్త లేఅవుట్లు కనుచూపుమేర. అమ్మకం ఆఫీసులో గోడంత మ్యాపు ఉంటుంది. దాని మీద పసుపు రంగు చదరం, పక్కన "ప్రతిపాదిత పాఠశాల". చెరువు నీలంగా, బాతులతో సహా. ఏ సంవత్సరం తెరుస్తారని అడగకండి. మీరు కొనేటప్పటికి మీ పాప ప్రెప్‌లో ఉంటుంది, అంటే ఒకటో క్లాసుకి ముందు తరగతి. స్కూలు తెరిచే రోజుకి మీ పాప హైస్కూలు వైపు చూస్తుంటుంది. ఆ ఖాళీ స్థలంలో గడ్డి మోకాళ్ళదాకా పెరిగి, చుట్టూ తీగ కంచె వేసి ఉంటుంది. వాకింగ్‌కి వెళ్ళినప్పుడు చూపించి "ఇదే మన స్కూలు" అనండి.

ఆఫీసు సిటీలో అయితే టార్నీట్ స్టేషనుంది, 2015లో తెరిచారు. అక్కడ ఆగేది సిటీ లోకల్ కాదు, జీలాంగ్ నుంచి వచ్చే బండి. మన స్టేషనుకి వచ్చేసరికి పొద్దునపూట నిండి ఉంటుంది. సికింద్రాబాద్ నుంచి జనరల్ బోగీలో ఊరెళ్ళిన అనుభవం ఉన్నవాళ్ళకు ఇదొక లెక్కా? కారులో వెళ్తానంటే వెస్ట్‌గేట్ వంతెన ఉంది. దాని మీద ట్రాఫిక్ ఆగినప్పుడు సముద్రం చాలా బాగా కనిపిస్తుంది. చాలాసేపు కనిపిస్తుంది.

8. ఇల్లు ఒకచోట, స్కూలు ఇంకోచోట పెట్టండి.

ఇది నా సొంత ఆవిష్కారం, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మనకు గోంగూర, ఆవకాయ, పిలిస్తే పలికే తెలుగువాళ్ళు కావాలి. అందుకని ఇల్లు పడమట టార్నీట్‌లో. పిల్లలకేమో మంచి పేరున్న స్కూలు కావాలి. అందుకని తూర్పున గ్లెన్ వేవర్లీ వైపు, డబ్బు కట్టే ప్రైవేటు స్కూలు. మధ్యలో సుమారు 50 కిలోమీటర్లు, వంతెన, ఆ తర్వాత టోల్ రోడ్డు, ఆ తర్వాత మొనాష్ ఫ్రీవే. పొద్దున ఆరుంబావుకి పిల్లల్ని దుప్పట్లతో సహా కారులో వేయండి. ఇడ్లీ వంతెన మీద, జడ టోల్ దగ్గర, హోమ్‌వర్క్ ఫ్రీవే మీద.

దీనివల్ల లాభాలు లెక్కలేనన్ని. స్కూల్లో పిల్లలంతా ఆ చుట్టుపక్కల వీధుల వాళ్ళే. మూడున్నరకు గంట కొట్టగానే గుంపుగా నడిచి వెళ్ళిపోతారు. మీ పిల్ల మీ కారు కోసం గేటు దగ్గర ఒంటరిగా నిలబడుతుంది. ఏకాగ్రత పెరుగుతుంది. శనివారం పుట్టినరోజు పార్టీకి పిలిస్తే "అంత దూరమా!" అని మీరే తీసిపారేయొచ్చు, బహుమతి ఖర్చు మిగులు. ఇంకా రెండుసార్లు తీసిపారేస్తే పిలవడమే మానేస్తారు. ఇంటి దగ్గర వీధిలో సైకిళ్ళు తొక్కే పిల్లలంతా ఒకే స్కూలు, ఒకే క్లాసు, ఒకే కబుర్లు. మన పిల్ల చీకటి పడ్డాక వచ్చి కిటికీలోంచి చూస్తుంది. వాళ్ళ పేర్లు కూడా తెలియవు కాబట్టి చెడు సావాసాల భయమే లేదు.

మా అమ్మాయి ఇలా రెండేళ్ళు వెళ్ళింది. ఒకసారి స్కూల్లో "నీకు బాగా ఇష్టమైన చోటు" అని వ్యాసం రాయమంటే కారు వెనక సీటు గురించి రాసింది. మూడు పేజీలు. కప్‌హోల్డర్ గురించే ఒక పేరా. మంచి మార్కులొచ్చాయి.

9. స్కూలు మంచిదో కాదో అంకెలతోనే తేల్చండి.

మూడు, ఐదు, ఏడు, తొమ్మిది తరగతులకు దేశమంతటా నాప్లాన్ అనే పరీక్ష పెడతారు. 2023 నుంచి మార్చిలో జరుగుతోంది. స్కూళ్ళ ఫలితాలు మై స్కూల్ అనే వెబ్‌సైటులో చూడొచ్చు. స్కూళ్ళకు ర్యాంకులు కట్టడానికి అది పెట్టలేదని వాళ్ళు చెప్తూనే ఉంటారు. ఎక్సెల్ షీట్ తెరిచి ర్యాంకులు కట్టండి. నాలుగు మార్కుల తేడాకి సబర్బ్ మారండి. స్కూలు లోపలికి వెళ్ళి చూసే రోజు అని ఒకటి పెడతారు. గ్రంథాలయం, తరగతి గదులు, పిల్లలు మొక్కలకు నీళ్ళు పోయడం చూపిస్తారు. వెళ్ళకండి. టీచరు మొహం ఒకసారి చూశారంటే అంకెల మీద నమ్మకం సడలుతుంది.

10. వాస్తు వదలకండి.

తూర్పు గుమ్మం ఉంటే చాలు, మిగతావి చూడొద్దు. ఇక్కడ ఒక చిక్కుంది. భూగోళానికి దక్షిణ సగంలో ఉన్నాం కాబట్టి సూర్యుడు మధ్యాహ్నం ఉత్తరం వైపు ఉంటాడు. ఉత్తరం కిటికీలున్న గది చలికాలంలో వెచ్చన, దక్షిణం గది మంచుగడ్డ. వాస్తు సంగతి సూర్యుడికి తెలియకపోతే మనమేం చేస్తాం? పిల్లల చదువుల గది దక్షిణం మూలకే పెట్టండి. జూలైలో వేళ్ళు కొంకర్లు పోయి రాయలేకపోతే హీటరు కొనండి, బిల్లు చూసి హీటరు ఆపండి, తర్వాత "మా రోజుల్లో వీధి దీపం కింద చదివాం" అని మొదలుపెట్టండి. (నేను చదివింది ట్యూబులైటు కింద. పిల్లలకు అంత వివరం అక్కర్లేదు.)

11. స్కూలయ్యాక పిల్లల్ని ఎవరు చూస్తారో ఆలోచించకండి. అత్తగారున్నారు.

స్కూలు మూడున్నరకు అయిపోతుంది, ఆఫీసు ఐదున్నరకు. ఈ రెండు గంటల కోసం చాలా స్కూళ్ళలో డబ్బులకు పిల్లల్ని చూసుకునే ఏర్పాటుంది. సీట్లు పరిమితం, కొన్నిచోట్ల వరసలో పేరు రాయించాలి. సబర్బ్ ఎంచుకునే ముందు ఒక ఫోను చేస్తే తేలిపోయే విషయం. చేయకండి. తెనాలి నుంచి అత్తగారిని విజిటర్ వీసా మీద పిలిపించండి. ఆవిడకు కారు రాదు, మీరెంచుకున్న సబర్బులో బస్సు అరుదు. అందుకని స్కూలుకి నడిచే వెళ్తుంది, నడిచే తీసుకొస్తుంది, నిమిషానికోసారి రంగు మారే ఆకాశం కింద. మా అత్తగారు మొదటి వారమే కూతురితో అన్నది, "ఏమేవ్, ఈ ఊరి గాలి పిచ్చికుక్కలా మీద పడుతోందే." నాతో మాత్రం "బానే ఉంది బాబూ" అన్నది. అల్లుడినన్న గౌరవం. టర్ముకీ టర్ముకీ మధ్య రెండేసి వారాలు సెలవులొస్తాయి, అప్పుడు ఆవిడకు రోజంతా డ్యూటీ. ఇంకో నాలుగు నెలలు వీసా ఉండగానే తిరుగు టికెట్టు ముందుకు జరుపుకుంది. ఊళ్ళో పెసలు వేశారట, చూసుకోవాలట. వాళ్ళకు పొలం లేదని నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

12. అట్టపెట్టెలు పారేయకండి.

ఇల్లు మారిన వారంలో ఖాళీ పెట్టెలు బయట పెట్టేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. ముందుచూపు లేని జనం. ఒక్కోటి మడిచి గరాజులో నిలబెట్టండి. సగం పెట్టెలు అసలు విప్పనే విప్పకండి. "వంటిల్లు - పెద్దవి", "పాప బొమ్మలు", "దేవుడు" అని పైన రాసినవి ఐదో ఇంటికి కూడా అవే పనికొస్తాయి. మా ఇంట్లో "పాప బొమ్మలు" అన్న పెట్టె మూడో ఇంటి నుంచీ విప్పలేదు. పాపకు ఇప్పుడు పదహారు. మొన్న గరాజులో దాన్ని చూసి "ఇందులో ఏముంది నాన్నా?" అంది. తర్వాతి ఇంట్లో విప్పుదామన్నాను. ఈసారి గ్లెన్ వేవర్లీలో, రోడ్డుకి అటువైపు చూశాను. అగ్రిమెంటు పంపించారు, సంతకం పెట్టేశాను. పెట్టెలు సరిపోతాయి. టేపు మాత్రం కొత్తది తెచ్చుకోవాలి.